ఆరుబయట వైఫై: పెట్టె బిగించడం తేలిక, నిలబెట్టడమే కష్టం

2022 నాటికి దేశంలో కోటి పబ్లిక్ వైఫై హాట్‌స్పాట్లు ఏర్పాటు చేయాలని జాతీయ డిజిటల్ కమ్యూనికేషన్ల విధానం 2018లో లక్ష్యంగా పెట్టుకుంది. గడువు దాటి ఏళ్లు గడిచినా లెక్క ఇంకా లక్షల్లోనే ఉంది. మొబైల్ డేటా చవకైంది కాబట్టి వైఫై అవసరం తగ్గిందన్నది ఎక్కువగా వినిపించే సమాధానం. అందులో నిజం ఉంది. 2016 జనవరిలో ముంబయి సెంట్రల్‌లో మొదలై 400కు పైగా రైల్వే స్టేషన్లకు విస్తరించిన ఉచిత వైఫై కార్యక్రమం నుంచి గూగుల్ 2020లో తప్పుకున్నప్పుడు చెప్పిన కారణాల్లో ఇదొకటి. ఆ తర్వాత స్టేషన్లలో సేవను రైల్‌టెల్ కొనసాగించింది.

అయితే బస్టాండులో, పంచాయతీ కార్యాలయం ముందు, ఆస్పత్రి ఆవరణలో బిగించిన పెట్టె కొన్నాళ్లకే మూగబోవడానికి డేటా ధర ఒక్కటే కారణం కాదు. మిగతా కారణాలు కరెంటులో, ఎర్తింగ్‌లో, కేబుల్‌లో, స్తంభం ఎత్తులో, మరమ్మతు ఎవరిదన్న ప్రశ్నలో ఉంటాయి. దక్షిణాసియాలో రెండు దశాబ్దాలుగా నడిచిన ప్రయోగాలు ఈ సంగతిని పదేపదే చూపించాయి.

లైసెన్సు ఎక్కడ అక్కర్లేదు

భారత్‌లో ఆరుబయట వైఫైకి తలుపు తెరిచింది 2005 జనవరి నోటిఫికేషన్. 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ వరకు ఉన్న బ్యాండ్‌ను లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని కేంద్రం ప్రకటించింది. రేడియో నుంచి వెలువడే శక్తి 1 వాట్‌కు, యాంటెన్నా బలంతో కలిపి లెక్కిస్తే 4 వాట్లకు మించకూడదు. కాబట్టి ఎక్కువ బలమున్న యాంటెన్నా తగిలిస్తే రేడియో శక్తిని ఆ మేరకు తగ్గించాలి. అప్పట్లో 5 గిగాహెర్ట్జ్‌లో చాలా భాగాన్ని భవనాల లోపలికే పరిమితం చేశారు. 2018 అక్టోబరు నిబంధనలతో 5150–5350, 5470–5875 మెగాహెర్ట్జ్‌ల మధ్య మొత్తం 605 మెగాహెర్ట్జ్ ఆరుబయట వాడకానికీ అందుబాటులోకి వచ్చింది. ఇందులో ఒక్కో ఉపబ్యాండ్‌కు శక్తి పరిమితి వేరు.

6 గిగాహెర్ట్జ్ బ్యాండ్ సంగతి వేరు. 2025 మేలో వెలువడిన ముసాయిదా నిబంధనలు ఇంటి లోపల తక్కువ శక్తితో, బయట అతి తక్కువ శక్తితో మాత్రమే వాడకానికి వీలు కల్పించేలా ఉన్నాయి. వీధి స్తంభం మీది యాక్సెస్ పాయింట్‌కు అది పనికొచ్చే స్థాయి కాదు. ఆరుబయట పనికి ఆధారం ఇప్పటికీ 2.4, 5 గిగాహెర్ట్జ్‌లే.

లైసెన్సు అక్కర్లేదంటే నిబంధనలే లేవని కాదు. పరికరానికి టెలికం శాఖ విభాగం డబ్ల్యూపీసీ నుంచి ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ ఉండాలి. సెట్టింగుల్లో దేశం భారత్‌గా ఎంచుకోవాలి. వేరే దేశం పేరు పెట్టి శక్తి పెంచుకోవడం నిబంధనలకు విరుద్ధం. పైగా దానివల్ల ప్రయోజనమూ ఉండదు.

అరిచేది ఒకరు, గొణిగేది మరొకరు

ప్రయోజనం ఎందుకు ఉండదో చూద్దాం. వైఫై రెండువైపుల సంభాషణ. యాక్సెస్ పాయింట్ 4 వాట్ల స్థాయిలో మాట్లాడగలదు. జేబులోని ఫోను శక్తి సాధారణంగా 0.1 వాట్ లోపే. పెట్టె మాట ఫోనుకు వినిపిస్తుంది, ఫోను మాట పెట్టెకు చేరదు. తెరమీద సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తున్నా పేజీ తెరుచుకోకపోవడానికి ఇదే ప్రధాన కారణం. మంచి యాంటెన్నా రెండు దిశల్లోనూ సాయపడుతుంది, ఎందుకంటే అది వినే శక్తినీ పెంచుతుంది. రేడియో శక్తి పెంచితే ఒక్క దిశకే లాభం. అందుకే ఒక పెట్టెతో ఊరంతా కవర్ చేయాలనుకోవడం కన్నా తక్కువ శక్తితో ఎక్కువ పెట్టెలు పెట్టడం మేలు.

ఏ బ్యాండ్ వాడాలన్నది తర్వాతి ప్రశ్న. ఒకే దూరంలో, ఒకే రకం యాంటెన్నాలతో 2.4తో పోలిస్తే 5.8 గిగాహెర్ట్జ్ సిగ్నల్ దాదాపు 8 డెసిబెల్‌లు బలహీనంగా అందుతుంది. అంటే చేరే శక్తి సుమారు ఆరో వంతు. మరి 2.4నే వాడితే సరిపోదా? అందులో ఒకదానిపై ఒకటి పడని చానెళ్లు 1, 6, 11 మాత్రమే. బజారులో ప్రతి దుకాణం రౌటరూ వాటిలోనే పోటీ పడుతుంది. దూరపు ఫోన్లకు 2.4, దగ్గరి రద్దీకి 5 గిగాహెర్ట్జ్ అన్న పంపకం చాలాచోట్ల సరిపోతుంది.

ఎత్తు ఎంత?

ఎంత ఎత్తున పెడితే అంత దూరం వస్తుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. రెండు భవనాలను కలిపే లింకుకు అది నిజం. కింద నడిచే మనుషుల ఫోన్లకు కాదు. అన్ని వైపులా ప్రసరించే యాంటెన్నా సిగ్నల్ గారె ఆకారంలో చుట్టూ పరుచుకుంటుంది. బలం పెరిగేకొద్దీ ఆ గారె పల్చబడి దూరానికి సాగుతుంది, స్తంభం కింద మాత్రం వెలితి మిగులుతుంది. నాలుగంతస్తుల డాబా మీద బిగించిన పెట్టె పక్క వీధికి అంది, కింద బెంచీ మీద కూర్చున్న మనిషికి అందకపోవడం ఇలాగే జరుగుతుంది. వీధికి, బస్టాండుకు 4 నుంచి 8 మీటర్ల ఎత్తు సాధారణంగా సరిపోతుంది. చేతికి అందకుండా, నిచ్చెనకు అందేలా ఉండాలి.

స్తంభం ఎవరిదో వారి అనుమతి తప్పనిసరి. విద్యుత్ స్తంభమైతే డిస్కం, వీధి దీపాలదైతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ. సొంతంగా ఇనుప గొట్టం నిలబెడితే అది కూలినా కరెంటు తీగలకు తగలనంత దూరంలో ఉండాలి. డాబా పక్కనే 11 కేవీ లైను వెళ్తుంటే ఆ చోటు వదిలేయడమే మంచిది.

వెనక దారి లేకపోతే

యాక్సెస్ పాయింట్ కుళాయి లాంటిది. వెనక పైపులో నీళ్లు లేకపోతే కుళాయి ఎంత మంచిదైనా ఉపయోగం లేదు. అందుకే ఫైబర్ ఎక్కడి దాకా వచ్చిందో చూసి, అక్కడి నుంచి పని మొదలుపెట్టాలి. ఫైబర్ అందని చోటుకు వైఫైనే వంతెనగా వాడవచ్చు. అందుకు చూపు ఆనినంత మాత్రాన చాలదు. 5.8 గిగాహెర్ట్జ్‌లో 5 కిలోమీటర్ల లింకు అయితే, మధ్య బిందువు దగ్గర సిగ్నల్ ప్రయాణించే మండలం వ్యాసార్ధం సుమారు 8 మీటర్లు. అందులో కనీసం 60 శాతం, అంటే దాదాపు 5 మీటర్ల మేర అడ్డు లేకుండా ఉండాలి. ఈ ఏడాది అడ్డురాని చెట్టు రెండేళ్లకు పెరిగి అడ్డొస్తుంది.

నేపాల్‌లోని మ్యాగ్దీ జిల్లా నాంగీ గ్రామం నుంచి మహావీర్ పున్ 2000ల తొలి ఏళ్లలో నిర్మించిన నెట్‌వర్క్ ఈ పద్ధతికి పేరున్న ఉదాహరణ. కొండ మీది రిలే కేంద్రాల ద్వారా వైఫై రేడియోలతో పొఖరా పట్టణం నుంచి కొండ గ్రామాలకు ఇంటర్నెట్ చేర్చారు. తొలి రిలే యాంటెన్నాలను చెట్ల మీద కట్టారు. 2007లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. కొండలున్నచోట ఎత్తు ఉచితంగా దొరుకుతుంది. మైదానంలో దాన్ని కొనుక్కోవాలి. అదే కాలంలో పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్ చేపట్టిన ‘అశ్విని’ నెట్‌వర్క్, గంగా మైదానంలో ఐఐటీ కాన్పూర్ ప్రయోగం ఈ తేడాను తేల్చాయి. రేడియో చవక, చెట్లను దాటించే టవరే ఖరీదు.

పరికరాలను చంపేది కరెంటు

తమిళనాడులోని తేనిలో అరవింద్ కంటి ఆస్పత్రి గ్రామాల్లోని దృష్టి కేంద్రాలను సుదూర వైఫైతో కలిపింది. గ్రామంలోని రోగి అక్కడి నుంచే వీడియోలో ఆస్పత్రి వైద్యుడితో మాట్లాడతాడు. లింకు తెగితే రోగి బస్సెక్కి పట్టణానికి రావాలి, లేదా చూపు సంగతి వాయిదా వేసుకోవాలి. దీనికి సాంకేతిక సాయం చేసిన బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ బృందం 2008లో తన అనుభవాలను ప్రచురించింది. గ్రామీణ నెట్‌వర్కుల్లో చెడిపోయిన వాటిలో ఎక్కువ వాటికి మూలం నాణ్యత లేని కరెంటేనని అందులో చెప్పింది. 1,000 వోల్టుల దాకా ఎగసిన స్పైకులు, 70 వోల్టుల కిందికి పడిపోయిన సరఫరా ఆ బృందం కొలతల్లో కనిపించాయి.

పూర్తిగా కరెంటు పోవడం కన్నా సగం సగంగా రావడం ప్రమాదకరం. బ్యాటరీ అడుగంటుతున్నప్పుడు రౌటరు ఆరిపోదు, పనీ చేయదు, మధ్యలో చిక్కుకుపోతుంది. మళ్లీ కరెంటు వచ్చినా తేరుకోదు. వోల్టేజీ ఒక స్థాయికి తగ్గగానే సరఫరా పూర్తిగా ఆపేసే చిన్న సర్క్యూట్ దీనికి మందు. అది బ్యాటరీనీ కాపాడుతుంది.

బ్యాటరీ లెక్క సులువే. 20 వాట్ల పెట్టె రోజంతా నడవడానికి 480 వాట్ అవర్లు కావాలి. 12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 1,200 ఉంటాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడకూడదనుకుంటే మిగిలేది ఒక రోజు కన్నా కాస్త ఎక్కువ. స్తంభం మీదికి విడిగా కరెంటు లాగాల్సిన పని లేదు. ఈథర్నెట్ కేబుల్‌లోనే కరెంటు పంపే పీఓఈ పద్ధతిలో పాత ప్రమాణం 15.4 వాట్లు, తర్వాతిది 30 వాట్లు ఇస్తుంది. కేబుల్ పొడవు 100 మీటర్లకు మించకూడదు. రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్ చవకగా దొరుకుతుంది గానీ, ఈ పనికి స్వచ్ఛమైన రాగి తీగే వాడాలి.

పిడుగు, వాన, కోతి

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో పిడుగుపాటు మరణాలు ఏటా రెండు వేలు దాటుతున్నాయి. నేరుగా పిడుగు పడితే ఏ పరికరమూ మిగలదు. కానీ ఎక్కువ పెట్టెలు పోయేది దూరాన పడిన పిడుగు వల్ల కేబుల్‌లో పుట్టే సర్జ్‌తో. కేబుల్ పై కొసన ఒకటి, భవనంలోకి వచ్చే చోట ఒకటి సర్జ్ ప్రొటెక్టర్ పెట్టాలి. రెంటినీ దగ్గరి దారిలో ఎర్త్‌కు కలపాలి. ఎర్తింగ్‌కు ఐఎస్ 3043, పిడుగు రక్షణకు ఐఎస్/ఐఈసీ 62305 ప్రమాణాలు ఉన్నాయి. స్తంభం ఎర్త్, భవనం ఎర్త్ వేర్వేరుగా వదిలేస్తే వాటి మధ్య వోల్టేజీ తేడా కేబుల్ గుండానే ప్రవహిస్తుంది. ఎర్త్ సరిగా లేకపోతే ప్రొటెక్టర్ ఉన్నా అలంకారమే.

వాన చినుకులు 2.4, 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను పెద్దగా అడ్డుకోవు. అడ్డుకునేది తడిసిన ఆకులు. పరికరాన్ని పాడుచేసేది కనెక్టర్లోకి జారిన నీరు. ఐపీ67 ముద్ర పెట్టెకే, కేబుల్ చివరకు కాదు. కేబుల్‌ను పెట్టె కిందికి వంచి ఒక మెలిక వదిలితే నీరు అక్కడే కారిపోతుంది. బయటి వాడకానికి ఎండను తట్టుకునే నల్ల తొడుగున్న కేబుల్ కావాలి.

2005లో బ్యాండ్ తెరుచుకున్న మరుసటి నెలలోనే ధర్మశాలలో టిబెటన్ సంస్థల మధ్య వైఫై మెష్ మొదలైంది. ఎనిమిది ప్రాంగణాలతో ప్రారంభమై 30కి పైగా నోడ్లకు, 2,000కు పైగా కంప్యూటర్లకు పెరిగింది. అక్కడ యాంటెన్నాలకు పెద్ద బెడద కోతులు. వాటికి వేలాడాయి, తీగలు కొరికాయి. మన ఊళ్లలోనూ కోతులున్న చోట కేబుల్‌ను ఇనుప గొట్టంలో నడపడం అదనపు ఖర్చు కాదు, అవసరం.

అప్పగించే ముందు

పని అయిందని సంతకం పెట్టే ముందు ఐదు సంగతులు చూడాలి.

- ల్యాప్‌టాప్‌తో కాకుండా మామూలు ఫోనుతో అంచుల దాకా నడిచి, డౌన్‌లోడ్‌తో పాటు అప్‌లోడ్ వేగమూ కొలవాలి.
- జనం ఎక్కువగా ఉండే వేళ మళ్లీ కొలవాలి.
- మెయిన్ ఆపి, బ్యాటరీ పూర్తిగా అయిపోయాక తిరిగి కరెంటు ఇస్తే పెట్టె తనంతట తానే లేస్తుందో చూడాలి.
- ఎర్త్ నిరోధం కొలిచి రాసి పెట్టాలి, ఏటా వేసవి చివర మళ్లీ కొలవాలి.
- తొలి పెద్ద వాన తర్వాత కనెక్టర్లు విప్పి చూడాలి.

ఎవరు చూసుకుంటారు

2020 డిసెంబరు 9న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం-వాణి పథకం కింద టీ కొట్టు, కిరాణా దుకాణం కూడా లైసెన్సు గానీ, రిజిస్ట్రేషన్ గానీ లేకుండా పబ్లిక్ డేటా ఆఫీసుగా వైఫై అమ్మవచ్చు. వినియోగదారుల ధ్రువీకరణ, లెక్కలు చూసేది పైనున్న అగ్రిగేటర్ సంస్థ. ఇంటర్నెట్ సంస్థలు ఇలాంటి దుకాణాల నుంచి వాణిజ్య ధరలు వసూలు చేయడం పెద్ద అడ్డంకిగా ఉండేది. 200 ఎంబీపీఎస్ వరకు గల కనెక్షన్లకు ఇంటి ఫైబర్ ధరకు రెట్టింపు మించి తీసుకోరాదని 2025 జూన్‌లో ట్రాయ్ పరిమితి పెట్టింది.

ఈ పద్ధతిలో ఒక మేలుంది. పెట్టె ఆగిపోతే నష్టపోయేది దాని కిందే కూర్చున్న దుకాణదారుడు, కాబట్టి అతడే ముందు గమనిస్తాడు. టెండరుపై బిగించిన పంచాయతీ పెట్టెకు ఆ కాపలా లేదు. బిగించగానే బిల్లు చెల్లించేసే ఒప్పందంలో ఆ తర్వాతి నెలల గురించి ఎవరికీ పట్టింపు ఉండదు. చెల్లింపులో కొంత భాగాన్ని ఏడాది పాటు సేవ నడిచిన రోజులకు ముడిపెట్టడం, ఊళ్లోనే ఒకరికి కేబుల్ కొస కొట్టడం, ఫ్యూజు మార్చడం, ఎర్త్ చూడటం నేర్పించడం, ఒక విడి పెట్టె, విడి అడాప్టర్ అక్కడే ఉంచడం చాలా తక్కువ ఖర్చుతో అయ్యే పనులు. రేడియో ఏ కంపెనీదన్న చర్చకు టెండరు పత్రాల్లో పేజీలు కేటాయిస్తున్నారు. ఈ మూడింటికి ఒక్క పేజీ కేటాయించినా తేడా కనిపిస్తుంది.