మెటియాబ్రుజ్ నుంచి డోవర్ లేన్ దాకా

హిందుస్తానీ సంగీతంలో ఘరానాలకు, అంటే గురుపరంపరలకు, చాలావరకు ఊళ్ల పేర్లే ఉంటాయి. గ్వాలియర్, ఆగ్రా, కిరానా, పటియాలా, జైపూర్. ఈ ప్రసిద్ధ ఖయాల్ ఘరానాల వరసలో కోల్‌కతా లేదు. అయినా ఈ సంగీతం దర్బారు గడప దాటి మామూలు శ్రోతను చేరిన దారిలో పెద్ద మలుపులు కొన్ని ఈ నగరంలోనే వచ్చాయి.

1856లో ఈస్టిండియా కంపెనీ అవధ్ రాజ్యాన్ని కలిపేసుకుంది. గద్దె పోయిన నవాబు వాజిద్ అలీ షా ఆ ఏడే కలకత్తా చేరుకుని, హుగ్లీ ఒడ్డున మెటియాబ్రుజ్‌లో స్థిరపడ్డారు. 1857 తిరుగుబాటు రోజుల్లో ఆంగ్లేయులు ఆయన్ని ఫోర్ట్ విలియంలో నిర్బంధించారు. బయటికొచ్చాక, 1887లో కన్నుమూసేదాకా, మెటియాబ్రుజ్‌నే మరో లక్నోగా మలుచుకున్నారు. గాయకులు, నర్తకులు, సారంగీ, తబలా వాద్యకారులు ఆ కొలువులో చేరారు. వారితో ఠుమ్రీకి అక్కడ కొత్త నెలవు దొరికింది. ఠుమ్రీలో రాగ నియమం కాస్త సడలుతుంది. పాటలోని ఒక్క మాటను పట్టుకుని అందులోని విరహాన్నో అలకనో పదిరకాలుగా పలికించడమే దాని ప్రాణం. క్షేత్రయ్య పదానికి అభినయం చూసినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు.

నవాబు రాకముందే బెంగాల్‌లో ఈ సంగీతానికి వేళ్లున్నాయి. మల్ల రాజుల బిష్ణుపూర్‌లో ధ్రుపద్ వర్ధిల్లింది. మాటలు లేని సుదీర్ఘమైన ఆలాపన, ఆపైన పఖావజ్ మృదంగంతో గంభీరంగా సాగే రచన ధ్రుపద్ లక్షణాలు. బిష్ణుపూర్ విద్వాంసుడు జదు భట్ట బాల రవీంద్రుడికి కొంతకాలం గురువు. ఠాగూర్ తర్వాత కట్టిన పాటల్లో చాలావాటికి ధ్రుపద్ అచ్చు కనిపిస్తుంది.

ఠాగూర్ల మరో శాఖ పాథురియాఘాటాలో ఉండేది. ఆ ఇంటివారైన శౌరీంద్రమోహన్ ఠాగూర్ 1871లో బెంగాల్ సంగీత పాఠశాల స్థాపించారు. ఆయన గురువు క్షేత్రమోహన్ గోస్వామి స్వరాలను కాగితం మీద రాసే పద్ధతిని తీర్చిదిద్దారు. గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి మాత్రమే అందే విద్యకు పుస్తకం తోడైంది.

వాద్యాల వ్యాపారంలోనూ ఈ నగరానిది పెద్ద చేయి. ద్వారకానాథ్ ఘోష్ నెలకొల్పిన ద్వార్కిన్ సంస్థ, యూరప్ నుంచి వచ్చిన కాలి తొక్కుడు హార్మోనియాన్ని నేలమీద కూర్చుని చేత్తో తిత్తి ఊదుతూ వాయించేలా మార్చింది. మన పద్యనాటక రంగస్థలాన్ని ఏలింది ఆ రకం హార్మోనియమే. కానీ ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారే మీండ్ దాని మెట్ల మీద పలకదు. ఆ లోపాన్ని ఎత్తిచూపి 1940లో ఆకాశవాణి దాన్ని నిషేధించింది. మూడు దశాబ్దాల తర్వాతగాని ఆ నిషేధం సడలలేదు.

1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో రికార్డింగులు మొదలుపెట్టారు. ఆయన ముందు కూర్చుని పాడిన గాయని గౌహర్ జాన్ దేశమంతటా తొలి రికార్డు తారగా వెలిగారు. ఖయాల్ తీరిగ్గా పాడేది. ముందు విలంబిత లయలో బడా ఖయాల్, పన్నెండు మాత్రల ఏక్‌తాల్ వంటి తాళంలో రాగాన్ని మెల్లగా విప్పడం. ఆపైన పదహారు మాత్రల తీన్‌తాల్ వంటి తాళంలో ఛోటా ఖయాల్, వేగంగా దొర్లే తాన్‌లు. ప్రతిసారీ తాళం మొదటి దెబ్బ అయిన ‘సమ్’ మీదికి వచ్చి వాలడం. గంట పట్టే ఈ నడకను గౌహర్ జాన్ మూడు నిమిషాల లోపు కుదించారు. చివర తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పుకునేవారు. దర్బారు మెట్లెక్కలేని ఇళ్లకు ఆ గొంతు చేరింది.

ఖయాల్‌ను మూడు నిమిషాలకు కుదించిన నగరమే రాత్రంతా వినడమూ నేర్పింది. 1934లో అఖిల బెంగాల్ సంగీత సమ్మేళనాన్ని రవీంద్రుడు ప్రారంభించారు. 1952లో డోవర్ లేన్ సమ్మేళనం మొదలైంది. జమీందారు పిలుపు అక్కర్లేదు, టికెట్టు కొన్నవాళ్లంతా రసికులే. హిందుస్తానీలో రాగానికి వేళ ఉంటుంది. యమన్ తొలి రాత్రిది, మాల్కౌంస్ అర్ధరాత్రిది, లలిత్ తెల్లవారుజాముది, భైరవ్ ఉదయానిది. ప్రతి జనవరిలో జరిగే డోవర్ లేన్ రాత్రి కచేరీల్లో ఆ రాగాలు వాటి వేళకే వినిపించే వీలుంటుంది. సాయంత్రం మూడు గంటల్లో ముగిసే కచేరీల్లో ఆ అదృష్టం దొరకదు.

1970ల చివర టాలీగంజ్‌లో ఐటీసీ సంగీత్ రీసెర్చ్ అకాడమీ తలుపులు తెరిచింది. శిష్యులు గురువుల దగ్గరే ఉండి నేర్చుకునే పద్ధతికి అక్కడ జీతమూ నీడా దొరికాయి. రాంపూర్-సహస్వాన్ ఘరానా పెద్ద నిసార్ హుస్సేన్ ఖాన్ వెంట బాలుడిగా వచ్చిన రషీద్ ఖాన్ అక్కడే గాయకుడిగా ఎదిగారు. 2024 జనవరిలో ఈ నగరంలోనే కన్నుమూశారు.

తెలుగు శ్రోతకు ఈ సంగీతం దూరమైనది కాదు. కొంతకాలం కలకత్తాలోనూ గడిపిన పటియాలా గాయకుడు బడే గులాం అలీ ఖాన్ 1968లో తుదిశ్వాస విడిచింది హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో. హిందోళం తెలిసిన చెవికి మాల్కౌంస్, కల్యాణి తెలిసిన చెవికి యమన్, మాయామాళవగౌళ సరళీస్వరాలు పాడిన చెవికి భైరవ్ వెంటనే చుట్టరికం చూపుతాయి. కొత్తగా వినదలచినవారు బడే గులాం అలీ ఖాన్ పాడిన మాల్కౌంస్‌తో, వీలైతే రాత్రిపూటే, మొదలుపెట్టండి.