నిద్రలో సముద్రం దాటిన చెట్టు

దేవగన్నేరు మన గుడి చెట్టేనని అందరూ అనుకుంటారు. గుడి ముందర ఉంటుంది, దర్గా పక్కన ఉంటుంది, సమాధుల నడుమా ఉంటుంది. పేరులోనే దేవుణ్ణి పెట్టుకుంది. కానీ దాని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. స్పెయిన్ సైన్యం 1521లో అజ్‌టెక్‌ల రాజధానిని పట్టుకునేనాటికే అక్కడివాళ్ళకు ఈ పువ్వంటే ప్రాణం. 1689 నుంచి మూడుసార్లు కరీబియన్ దీవులకు వెళ్ళి అక్కడి మొక్కలను వర్ణించిన ఫ్రెంచి సన్యాసి షార్ల్ ప్లూమియే పేరు మీదే ఈ జాతి ప్లుమేరియా అయింది. 1753లో లిన్నేయస్ ఆ పేరునే తన గ్రంథానికెక్కించాడు.

ఆసియాకు దీన్ని మొదట తెచ్చింది స్పెయిన్‌వాళ్ళేనంటారు. 1565 నుంచి 1815 దాకా వాళ్ళ ఓడలు మెక్సికోలోని అకపుల్కో నుంచి ఫిలిప్పీన్స్‌లోని మనీలాకు వెండి మోసుకొచ్చి, చైనా పట్టు తీసుకెళ్ళాయి. ఇటు రావడానికే దాదాపు మూడు నెలలు. మనుషులు తాగే నీళ్ళకే లెక్క ఉండే ఓడలో మొక్కకెవరు పోస్తారు? దేవగన్నేరుకు ఆ అవసరమే లేదు. లావుపాటి కొమ్మలో తడిని దాచుకుంటుంది. కోసిన కొమ్మ వారాల తరబడి మూలన పడి ఉన్నా చావదు, మట్టి తగిలితే వేరు వేస్తుంది. దాని నిద్రే దానికి ఓడ టిక్కెట్టు అయిందని నా లెక్క. 1860లో విల్హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే జర్మన్ వైద్యుడు హవాయికి తీసుకెళ్తే, ఇప్పుడక్కడి దండల్లో ఇదే ముఖ్యమైన పువ్వు. లావోస్‌కైతే ఏకంగా జాతీయ పుష్పం.

మన దగ్గర ఇంత సులువుగా ఎందుకు కుదురుకుందో పటం చూస్తే అర్థమవుతుంది. మెక్సికోలోని వాహాకా, మన హైదరాబాదు రెండూ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరే ఉన్నాయి. అక్కడా వానలు వేసవి చివర్లో మొదలవుతాయి, చలికాలమంతా పొడి. ఆ పొడి నెలలు గట్టెక్కడానికే ఇది ఆకు రాలుస్తుంది. మన మోదుగ, బూరుగ చేసే పనీ అదే. ఇక్కడ హైదరాబాదు శివారులోని చెంగిచెర్ల అడవి పలచబడే రోజుల్లోనే మా డాబా మీది కుండీలో చెట్టూ మోడవుతుంది.

చిక్కల్లా కుండీతోనే. నేలలోని చెట్టుకు కాలం తెలుసు, కుండీలోని చెట్టుకు మనమే కాలం. మోడును చూసి జాలిపడి రోజూ చెంబెడు నీళ్ళు పోస్తారు. ఆకు లేని చెట్టు తాగేది చాలా తక్కువ. మట్టి ఆరదు, వేరు కుళ్ళుతుంది, కొమ్మ మెత్తబడుతుంది. బస్‌డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైనవాణ్ణి, ఆగిన ఇంజనల్లా చెడిపోయినట్టు కాదని నాకు అలవాటైన మాటే. కడియం నర్సరీల మొక్కలమ్మే అబ్బాయి కూడా అదే చెప్పాడు: "ఆకు వచ్చేదాకా చెయ్యి ఆపుకోండి సార్, అంతే."

శివరాత్రికి చలి వెనక్కి తగ్గుతుంది. అప్పుడు కొమ్మను వేళ్ళతో నొక్కి చూస్తాను. గట్టిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. మెత్తగా ఉన్న చోటును తెల్లటి కండ కనిపించేదాకా కోసేస్తాను. పాలు కళ్ళల్లో పడకూడదు, చర్మానికి తగిలినా మంట పుడుతుంది. పైమట్టి తీసేసి ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన ఎరువు కలిపి నింపుతాను. కొనల్లో ఆకుపచ్చ మొన కనిపించాక కొద్దిగా నీళ్ళు, ఆకులు విచ్చుకున్నాక కుండీ అడుగు నుంచి కారేదాకా పోయడం, మళ్ళీ పైమట్టి ఆరేదాకా ఆగడం. నీడలో ఉంచిన కుండీని ఒక్కసారిగా ఏప్రిల్ ఎండలోకి లాగితే బెరడు కమిలిపోతుంది, కొంచెం కొంచెంగా జరపాలి. పూగుత్తి వచ్చేది కొమ్మ కొన నుంచే కాబట్టి అందం కోసం కొనలు కత్తిరిస్తే ఆ ఏటి పూలు పోయినట్టే.

ఈ పువ్వులో తేనె ఉండదు. రాత్రి వాసనతో చిమ్మటలను ఆశపెట్టి, ఉత్త చేతులతో పంపేస్తుంది. మన వైపు కాయ కాయడం అరుదు. అందుకే గుడి దగ్గరున్నా దర్గా దగ్గరున్నా, ఇక్కడి దేవగన్నేరు చాలామటుకు ఎవరో ఒకరు ఇంకొకరికి కోసిచ్చిన కొమ్మే. మా కాలనీవాళ్ళు అడిగితే నేనూ కోసిస్తాను. తీసుకెళ్ళి వెంటనే నాటవద్దనీ, కోసిన చోట పాలు ఆరి గట్టిపడేదాకా ఓ రెండు వారాలు నీడలో పడేయమనీ చెబుతాను. మూడు నెలలు ఓడలో ఓర్చుకున్న జాతికి రెండు వారాలు ఒక లెక్క కాదు, ఆగలేనిది మనమే.