బడి కూడా పనిచోటే: గురువుల భద్రతకు సంఘాల కృషి

పిఠాపురం: పాఠశాల విద్యార్థులకు చదువుల నిలయమైతే, ఉపాధ్యాయులకు అది విధి నిర్వహణ స్థలం. పెచ్చులూడే పైకప్పు, నీరు రాని మరుగుదొడ్డి, సుద్దపొడి నిండిన గది పిల్లలతో పాటు గురువుల ఆరోగ్యానికీ ముప్పు తెస్తాయి. అయినా పనిచోట భద్రతను కల్పించే చట్టాల్లో ఉపాధ్యాయుడికి దక్కిన చోటు స్వల్పం. ఈ లోటును పూడ్చేందుకు ఉపాధ్యాయ సంఘాలు పిల్లల హక్కులనే ఆలంబనగా చేసుకుని కృషి సాగిస్తున్నాయి.

చట్టం ఏమంటోంది?

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం పాఠశాలలకు వర్తించేది కాదు. పారిశ్రామిక వివాదాల చట్టం నిర్వచనం ప్రకారం ఉపాధ్యాయులు కార్మికులు కారని సుందరాంబాళ్ కేసులో 1988లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి సైతం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాలను మినహాయించింది. అంతర్జాతీయంగా పరిస్థితి వేరు. సురక్షితమైన భవనాలు, ఉపాధ్యాయులకు ఉచితంగా నియమిత వైద్య పరీక్షలు ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునెస్కో 1966లోనే సిఫారసు చేశాయి.

విషాదం నేర్పిన పాఠం

2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణం పాఠశాలలో జరిగిన అగ్నిప్రమాదం 94 మంది చిన్నారులను బలిగొంది. దరిమిలా అవినాశ్ మెహరోత్రా కేసులో 2009 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు తీర్పు వెలువరించింది. ప్రతి పాఠశాలలో మంటలార్పే పరికరాలు ఉండాలని, వాటి వాడకంలో ఉపాధ్యాయులకు, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని ఆదేశించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు, తాగునీరు, ప్రహరీ తప్పనిసరి చేసింది. అయితే ఆ జాబితాలో ఉపాధ్యాయినుల మరుగుదొడ్డి ప్రస్తావన లేదు.

సంఘాల పాత్ర

1974లో ఆవిర్భవించిన ఐక్య ఉపాధ్యాయ సమాఖ్య (యూటీఎఫ్)తో పాటు ఎస్టీయూ, ఏపీటీఎఫ్, పీఆర్‌టీయూ వంటి సంఘాలు రాష్ట్రంలో పనిచేస్తున్నాయి. ఉభయ గోదావరి ఉపాధ్యాయ నియోజకవర్గం నుంచి 2021లో షేక్ సాబ్జీ, ఆయన మరణానంతరం 2024 డిసెంబరులో జరిగిన ఉప ఎన్నికలో బొర్రా గోపీమూర్తి యూటీఎఫ్ మద్దతుతో శాసనమండలికి ఎన్నికయ్యారు. కొవిడ్ రెండో విడత ఉద్ధృతిలో పరీక్షలు వాయిదా వేయాలని, ఉపాధ్యాయులకు టీకాలు వేయాలని సంఘాలు పట్టుబట్టాయి. 2021 జూన్‌లో ప్రభుత్వం పదో తరగతి పరీక్షలను రద్దు చేసింది.

2019 నవంబరు 14న ప్రారంభమైన ‘మన బడి నాడు-నేడు’ తొలి విడతలో 15,715 పాఠశాలల్లో మరుగుదొడ్లు, తాగునీరు, విద్యుత్, మరమ్మతులు, ప్రహరీల పనులు చేపట్టారు. వసతులు మెరుగుపడినా, మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టే బాధ్యతను ఉపాధ్యాయులపై మోపడాన్ని సంఘాలు తీవ్రంగా వ్యతిరేకించాయి. 2024 ఆగస్టులో ప్రభుత్వం వారిని ఆ పని నుంచి తప్పించింది.

తుపానుల గడప

2022 ఏప్రిల్ 4 నుంచి కాకినాడ జిల్లాలో భాగమైన పిఠాపురం ప్రాంతానికి ఒకవైపు ఉప్పాడ తీరం, మరోవైపు ఏలేరు ముంపు. 2024 సెప్టెంబరు వరదల్లో పిఠాపురం, గొల్లప్రోలు పరిసరాలు నీట మునిగాయి. 2025 అక్టోబరు 28న ‘మొంథా’ తుపాను తీరం దాటిన వేళ జిల్లాలో బడులకు సెలవులు ప్రకటించారు. విపత్తు వేళ బాధితులకు ఆశ్రయమిచ్చేదీ బడి భవనాలే. అందుచేత నీరు తీసిన వెంటనే తరగతులు మొదలుపెట్టక ముందు విద్యుత్ తీగలు, నానిన గోడలు, నీటి ట్యాంకులను పరీక్షించడం అవసరం.

ఫిర్యాదు ఎలా?

లోపాన్ని తేదీతో సహా ప్రధానోపాధ్యాయుడికి రాతపూర్వకంగా తెలిపి, ప్రతిని దాచుకోవాలి. తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో దానిని తీర్మానంగా నమోదు చేయించాలి. పిమ్మట మండల విద్యాశాఖాధికారికి, అవసరమైతే జిల్లా విద్యాశాఖాధికారికి నివేదించాలి. స్పందన కరవైతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద చర్యల వివరాలు కోరవచ్చు. శిథిలమైన గదిలో మాత్రం ఉత్తర్వుల కోసం వేచి చూడకుండా తరగతిని వేరే చోటికి మార్చడమే శ్రేయస్కరం. ఆ కప్పు కింద కూర్చునేది పిల్లలు, నిలబడేది గురువు.