సీళ్ల పేగుల్లో సూక్ష్మజీవులు: పరిశోధన చరిత్ర

సీళ్లు, సముద్ర సింహాలు, వాల్రస్‌లు ఒడ్డునో మంచు మీదో పుట్టి, సముద్రంలో తిండి వెతుక్కునే మాంసాహార క్షీరదాలు. చేపలు, స్క్విడ్‌లు, క్రిల్ అనే రొయ్యల్లాంటి చిన్న జీవులు వీటిలో చాలావాటికి ప్రధాన ఆహారం. వీటి పేగుల్లో కాపురముండే బాక్టీరియా గురించి మనకు తెలిసినదానిలో చాలా భాగం ఈ శతాబ్దంలో బయటపడిందే. అయితే ధ్రువ ప్రాంత జంతువుల పేగులను శోధించే ప్రయత్నాలు 19వ శతాబ్దం చివర్లోనే మొదలయ్యాయి.

పేగుల్లో సూక్ష్మజీవులు లేకుండా జంతువు బతకలేదేమోనని 1885లో లూయీ పాశ్చర్ ఒక ఊహ చేశాడు. దాని మీద వాదోపవాదాలు నడుస్తున్న రోజుల్లోనే, 1898లో స్పిట్స్‌బెర్గెన్‌కు వెళ్లిన స్వీడిష్ యాత్రలో లెవిన్ అనే శాస్త్రవేత్త ఆర్కిటిక్ జంతువుల పేగులను పరీక్షించాడు. చాలావాటిలో బాక్టీరియా ఏదీ పెరగలేదని మరుసటి ఏడాది ప్రకటించాడు. చలిదేశపు జీవుల కడుపులు శుభ్రంగా ఉంటాయన్న నమ్మకానికి ఇది ఊతమిచ్చింది. 1902–04లో స్కోషియా ఓడ మీద అంటార్కిటికాకు వెళ్లిన స్కాట్లాండ్ యాత్రలో వైద్యుడు హార్వీ పిరీ బాక్టీరియా పరీక్షల బాధ్యత తీసుకున్నాడు. తన ఫలితాలను 1912లో అచ్చువేశాడు. లిస్టీరియా అనే బాక్టీరియా ప్రజాతికి ఆ తర్వాత పేరు పెట్టింది ఈయనే.

లెవిన్ చూసిన శూన్యానికి పద్ధతి లోపమే పెద్ద కారణమని ఇప్పుడు చెప్పవచ్చు. పేగుల్లో ఉండే బాక్టీరియాలో ఎక్కువ భాగం ఆక్సిజన్ తగిలితే చచ్చిపోతాయి. గాలి తగిలే పాత్రల్లో వాటిని పెంచబోతే ఏమీ కనిపించదు. మరో కారణం కూడా ఉండవచ్చని 1960లో జాన్ సీబర్త్ పరిశోధన సూచించింది. ఆయన పనిచేసింది సీళ్ల మీద కాదు, అంటార్కిటికా పెంగ్విన్‌ల మీద. వాటి పేగుల్లో బాక్టీరియా బాగా తక్కువగా ఉండడం చూసి, కారణం కోసం అవి తిన్న ఆహారాన్ని వెతుక్కుంటూ వెళ్లాడు. పెంగ్విన్ తిన్నది క్రిల్‌ను, క్రిల్ తిన్నది ఫియోసిస్టిస్ అనే శైవలాన్ని. ఆ శైవలంలో ఉన్న యాక్రిలిక్ ఆమ్లం బాక్టీరియాను అణచివేస్తుంది. నీటి మీద తేలే కంటికి కనిపించని మొక్కకూ, వేటాడే జంతువు పేగుకూ ఇలా లంకె దొరికింది. సముద్ర జీవి పేగును అది తిరిగే సముద్రంతో కలిపి చదవాలన్న దృష్టికి ఇంతకంటే గట్టి ఉదాహరణ ఆ రోజుల్లో లేదు.

తర్వాతి దశలో దృష్టి రోగకారక బాక్టీరియా మీదికి మళ్లింది. దక్షిణ జార్జియా దీవుల్లో బొచ్చు సీళ్లలోనూ పక్షుల్లోనూ సాల్మొనెల్లా ఉన్నట్టు 2000లో వెల్లడైంది. స్కాట్లాండ్ తీరంలోని సీళ్ల నుంచి, డాల్ఫిన్‌ను పోలిన ఒక పోర్పాయిస్ నుంచి వేరుచేసిన కొత్త బాక్టీరియాకు 2004లో కాంపిలోబాక్టర్ ఇన్సులేనిగ్రే అని పేరు పెట్టారు.

వీటన్నిటికంటే కలవరపెట్టే ఫలితం 2005లో కాలిఫోర్నియా నుంచి వచ్చింది. అక్కడ పరిశోధకులు ఉత్తర ఏనుగు సీళ్లను రెండు గుంపులుగా పరీక్షించారు. ఒక గుంపు ఇంకా నీళ్లలో అడుగుపెట్టని పిల్లలు. రెండోది సముద్రంలో తిరిగి, నీరసించి ఒడ్డుకు కొట్టుకొచ్చినవి. రోగకారక బాక్టీరియా రెండో గుంపులోనే ఎక్కువగా కనిపించింది. యాంటీబయాటిక్ మందులకు లొంగని రకాలూ వాటిలోనే ఎక్కువ. సముద్రంలో సీల్‌కు మందు వేసేవారెవరూ లేరు. నేల మీది మురుగు ఏరుల గుండా తీరానికి చేరిందనడానికి ఇది బలమైన సూచన. స్కాట్లాండ్‌లోని మే దీవిలో బూడిదరంగు సీల్ పిల్లల నుంచి తీసిన కాంపిలోబాక్టర్ జెజునై జన్యువులను 2015లో విశ్లేషించినప్పుడు, అవి మనుషుల్లో విరేచనాలు కలిగించే రకాలతో దగ్గరగా సరిపోయాయి.

బాక్టీరియాను పెంచకుండానే డీఎన్‌ఏ ద్వారా గుర్తించే పద్ధతి వచ్చాక అసలు జనాభా బయటపడింది. దీనికి కావలసింది తాజా మలం. ఇసుక, పక్షి రెట్ట కలవకుండా ముద్ద లోపలి భాగాన్ని తీసుకుని వెంటనే గడ్డకట్టించాలి. పట్టుకున్న జంతువైతే మలద్వారంలో దూది పుల్ల తిప్పి నమూనా తీస్తారు. నార్వే పరిశోధకులు 2010లో ఆర్కిటిక్ సీళ్ల పెద్దపేగు బాక్టీరియాను వర్ణించారు. చిరుత సీళ్లు, దక్షిణ ఏనుగు సీళ్ల మీద టిఫానీ నెల్సన్ బృందం 2013లో చేసిన అధ్యయనం, పేగు జనాభాను నిర్ణయించేవి ఆహారమూ వంశమూ అని తేల్చింది. స్వేచ్ఛగా తిరిగే చిరుత సీళ్లకూ జంతుశాలల్లో పెరిగేవాటికీ తేడా కనిపించింది. అమెరికా నౌకాదళం శాన్ డియేగోలో పెంచే డాల్ఫిన్‌లు, సముద్ర సింహాల మీద 2016లో వెలువడిన పరిశోధన ప్రకారం, వాటి శరీరంలోని సూక్ష్మజీవులు చుట్టూ ఉన్న సముద్రపు నీటిలోని వాటికంటే స్పష్టంగా వేరు.

పిల్లల మీద జరిగిన పని నాకు అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. ఉత్తర ఏనుగు సీల్ తల్లి సుమారు నాలుగు వారాలు పాలిచ్చి సముద్రంలోకి వెళ్లిపోతుంది. పిల్ల ఆ తర్వాత రెండు నెలలకు పైగా ఏమీ తినకుండా ఒడ్డునే ఉంటుంది. పెద్దయ్యాక మగవి ఆడవాటికంటే మూడు రెట్లకు పైగా బరువు తూగుతాయి. మెక్సికోలోని శాన్ బెనీతో దీవుల్లో జరిగి 2020లో ప్రచురితమైన అధ్యయనం, పసితనంలోనే మగ, ఆడ పిల్లల పేగు బాక్టీరియా వేరుపడుతుందని చూపింది. ఆ వయసులో వాటి తిండి ఒకటే కాబట్టి తేడాకు ఆహారాన్ని కారణంగా చెప్పలేం.

ఏ బాక్టీరియా ఉంటే సీల్ ఆరోగ్యంగా ఉంటుందన్న ప్రశ్నకు మాత్రం జాబితాలు చాలవు. జబ్బు చేసిన సీల్ పేగులో మార్పు జబ్బుకు కారణమా, ఫలితమా అన్నది ఒక్క నమూనాతో తేలదు. అదే జంతువును ఏళ్ల తరబడి వెంబడించాలి.

సముద్రంలోకి చేరే మురుగును అదుపు చేయడం అంతకంటే తొందరగా జరగవలసిన పని. అంటార్కిటికాలో అమెరికా స్థావరం మెక్‌మర్డో, బ్రిటిష్ స్థావరం రొథేరా 2003లోనే మురుగు శుద్ధి మొదలుపెట్టాయి. అంటార్కిటికా పర్యావరణ రక్షణ కోసం 1991లో కుదిరిన మాడ్రిడ్ ఒప్పందం ప్రకారం, వేసవిలో వారానికి సగటున సుమారు 30 మంది లేదా అంతకు మించి ఉండే స్థావరాలు మురుగును కనీసం మెత్తగా నూరి సముద్రంలో వదలాలి. అంతకంటే చిన్నవాటికి ఆ షరతు కూడా లేదు. నూరినంత మాత్రాన బాక్టీరియా చావదు. సీళ్లు ఈదే నీళ్లలోకి మురుగు వదిలే ప్రతి స్థావరానికీ పూర్తి శుద్ధిని తప్పనిసరి చేయాలి.