నాయకుని మరణము - జనుల వివేకము

ఒక నాయకుడు మరణించినప్పుడు అతని గుణదోషములే కాదు, అతని నాశ్రయించినవారి గుణదోషములును, ద్వేషించినవారి గుణదోషములును గూడ బయలుపడును. మంజీరాతీరమునందలి మా బీర్కూరునకు కృష్ణాతీరమునందలి విజయవాడ దూరమే. అయినను 1988వ సంవత్సరమున నచట జరిగిన ఘోరము తెలుగువారెల్లరు మఱువరాని పాఠము.

ఆ యేడు డిసెంబరు 26వ తేదీ తెల్లవాఱుజామున వంగవీటి మోహనరంగారావు హతుడయ్యెను. ఆయన 1985లో కాంగ్రెసు పక్షమున విజయవాడ తూర్పు నియోజకవర్గమునుండి శాసనసభకు ఎన్నికైనవాడు. నిరాహారదీక్షలో నుండగా దుండగులు శిబిరముపై బడి ఆయనను చంపిరి. దీక్షాశిబిరమున నున్నవానిని వధించుట ఏ నీతికిని సమ్మతము కాదు.

రంగా జీవితము వివాదరహితమైనది కాదు. ఆయన యన్న రాధాకృష్ణ యంతకుముందే ముఠాకక్షలకు బలియయ్యెను. రిక్షాలాగువారు, కూలివారు, గుడిసెవాసులు అనేకులు రంగాను తమ యాపద్బంధువుగా దలచిరి. ప్రతిపక్షులాయనను ముఠానాయకునిగా నెంచిరి. ఒకే మనుష్యుని గూర్చి రెండు తలంపులు. రెంటికిని వెనుక ననుభవములు గలవు.

వార్త వ్యాపించినతోడనే దుఃఖము క్రోధముగా మాఱెను. అంగళ్లు దోపిడియయ్యెను, భవనములు దగ్ధములయ్యెను, పలువురు ప్రాణములు గోల్పోయిరి, నగరమున కర్ఫ్యూ విధింపబడెను. రంగా కాపు కులస్థుడు. నాటి ప్రభుత్వమునకు నాయకుడైన ముఖ్యమంత్రి కమ్మ కులస్థుడు. ఈ కారణముచే, హత్యతో నెట్టి సంబంధమును లేని కమ్మవారి దుకాణములు సైతము కోపాగ్నికి గుఱియయ్యెను. చంపినవాడొకడు, శిక్ష పొందినవాడు వేఱొకడు!

ఇది మనకే ప్రత్యేకమైన దోషమని తలపరాదు. క్రీస్తుపూర్వము 44లో రోమునగరమున జూలియస్ సీజరు హతుడైన పిమ్మట, కోపోద్రిక్తులైన జనులు హెల్వియస్ సిన్నా యను కవిని వీధిలో బట్టి చంపిరి. ఆతడు సీజరునకు మిత్రుడే! సీజరును నిందించిన మఱియొక సిన్నాతో నతనికి గల సంబంధము పేరు మాత్రమే. రోములో నామసామ్యము చేసిన పనిని మనదేశమున కులసామ్యము చేసినది. గుంపునకు విచారణ యక్కఱలేదు, గుఱుతొకటి చాలును.

న్యాయము కోరుటకు వేఱు మార్గములు లేకపోలేదు. 1989 ఎన్నికలలో నాటి ప్రభుత్వపక్షము పరాజయము పొందెను. రంగా భార్య రత్నకుమారి ఆ విజయవాడ తూర్పు స్థానముననే గెలుపొందెను. ఏ గృహమును దగ్ధము చేయక, ఏ ప్రాణమును దీయక, ప్రజలు తమ యభిప్రాయమును దెలిపిరి. ఒక సంవత్సరమైన నోపికపట్టియుండిన ఎన్ని కుటుంబములు నిలిచియుండెడివి!

రావణుడు పడిన పిదప శ్రీరాముడు విభీషణునితో, వైరము మరణముతో ముగిసినదనియు, అంత్యక్రియలు జరుపుమనియు జెప్పెను. అంతమాత్రమున సీతాపహరణము సుకృతమని యనలేదు. మనమో, మృతుని దేవుని జేయుదుము, లేదా మరణవార్త విని సంతసింతుము. రెండును సత్యమునకు ద్రోహమే.

నేడు తీరాంధ్రమున ననేక స్థలములలో రంగా విగ్రహములు గలవు. వానికి పూలమాలలు వేయువారు వేయుదురుగాక. కాని యా దినములలో మరణించిన సామాన్యుల పేర్లు మనలో నెందఱెఱుగుదురు? నాయకుని వర్ధంతినాడు వారినిగూడ స్మరించినచో మన దుఃఖమునకు గౌరవము, మన పిల్లలకు బుద్ధియు గలుగును.