గ్రహణి: పథ్యం నుంచి సూక్ష్మజీవి దాకా

ఆయుర్వేదంలో గ్రహణి అనే మాట ఒక అవయవానికీ, ఆ అవయవం చెడితే వచ్చే జబ్బుకూ కూడా పేరు. ఆమాశయానికి దిగువన ఉంటూ, తిన్న అన్నం అరిగేదాకా పట్టి ఉంచుతుంది గనుక ఆ భాగానికి ఆ పేరు వచ్చిందనీ, జఠరాగ్నికి అదే ఆధారమనీ ప్రాచీన వైద్యులు చెప్పారు. అగ్ని మందగించి, అన్నం అరిగీ అరగకుండా బయటికి పోవడమే వ్యాధి అని భావించినందువల్ల చికిత్సలో మందుతో సమానంగా పథ్యానికి స్థానం దక్కింది. తేలికగా అరిగే మజ్జిగను చరక సంహిత గ్రహణి రోగులకు హితమని విధించింది.

ఈ జబ్బును చాలావరకు పోలిన మరొక జబ్బు ఉష్ణదేశాలలో స్థిరపడిన ఐరోపావారిని పట్టి పీడించగా, 1880లో చైనాలోని అమోయ్‌లో పనిచేస్తున్న పాట్రిక్ మాన్సన్ దానిని వర్ణించి, నోటిపూతను సూచించే డచ్చి మాట నుంచి 'స్ప్రూ' అన్న పేరును వైద్యంలో ప్రచారానికి తెచ్చాడు. నాలుక ఎర్రగా పూసి కారం సోకితే మంట పుట్టడం, తెల్లని నురుగుతో జిడ్డుగా విరేచనాలు కావడం, మనిషి నెత్తురు లేక పాలిపోయి శల్యమవడం దీని లక్షణాలు. కారణం తెలియని ఆ వైద్యులు కూడా చివరికి పథ్యాన్నే ఆశ్రయించి, రోగికి వారాల తరబడి పాలు మాత్రమే కొద్దికొద్దిగా పట్టించేవారు.

ఆహారంలో ఏదో కొరవడుతోందన్న అనుమానానికి బలమైన ఆధారం బొంబాయిలో దొరికింది. అక్కడి గర్భిణులలో కనిపించే ఒక రకం రక్తహీనత, ఈస్ట్ సారమైన మార్మైట్‌తో నయమవుతోందని లూసీ విల్స్ 1931లో ప్రకటించింది. అందులోని పోషకమే తరువాత ఫోలిక్ ఆమ్లంగా తేలింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తుండగా, అక్కడి బృందం 1945లో దానిని కృత్రిమంగా తయారు చేసింది. సుబ్బారావు సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ వల్లనే మరణించారు. అదే జబ్బు పడిన ఆయనకు ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో నయమైంది. కొత్త మందుతో స్ప్రూ రోగుల నాలుక పుండ్లు మాని, రక్తం పుంజుకుంది.

అయితే చాలామందిలో పేగు మాత్రం పూర్తిగా బాగుపడలేదు. చిన్నపేగు లోపలి గోడపై ఆహారసారాన్ని పీల్చుకునే వేళ్ల వంటి చూషకాలు ఉంటాయి; స్ప్రూలో అవి మొద్దుబారిపోవడం వల్ల, తిన్నదాంట్లో ఫోలిక్ ఆమ్లం ఉన్నా ఒంటికి పట్టదు. మామూలుగా బాక్టీరియా పెద్దపేగులో కోట్లకొలది ఉండి, చిన్నపేగు పైభాగంలో చాలా కొద్దిగా ఉంటాయి. స్ప్రూ రోగులలో అవి ఈ హద్దు దాటి పైకి పాకి స్థిరపడినట్టు తరువాతి పరీక్షలు చూపాయి. 1960ల ఆరంభంలో వెల్లూరు పరిసర గ్రామాలలో స్ప్రూ అంటువ్యాధిలా వ్యాపించినప్పుడు జరిగిన అధ్యయనాలు దీనికి సూక్ష్మజీవులతో సంబంధం ఉందన్న అభిప్రాయాన్ని బలపరిచాయి. కానీ ఆ ప్రాంతంలో జబ్బులేని వారి చిన్నపేగులలోనూ బాక్టీరియా కనిపించడంతో, అవి ఉన్నంత మాత్రాన జబ్బు రాదని కూడా స్పష్టమైంది.

లోపం తిండిలోనా, క్రిమిలోనా అని విడదీసి అడిగినంత కాలం ఈ జబ్బు అంతుబట్టలేదు. చెడిన పేగు పోషకాన్ని వదులుకుంటుంది, పోషకం అందని పేగు తనను తాను బాగుచేసుకోలేదు; అందుకే నేటికీ స్ప్రూ రోగికి ఫోలిక్ ఆమ్లాన్నీ, టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌నూ కలిపి నెలల తరబడి ఇస్తారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా లెడర్లీ నుంచే, సుబ్బారావు కన్నుమూసిన 1948లోనే వెలువడింది.