ముందు సీటు ఖాళీగా ఉంది

ఉదయం ఏడున్నర. తుర్కయంజాల్‌లో మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిలబడి ఉన్నారు. చేతిలో కారు తాళాలు. రెండడుగుల దూరంలో మీ కారు, అద్దాల నిండా దుమ్ము. గేటు బయట ఇంకో కారు ఆగి ఉంది, ఇంజిన్ ఆపలేదు. లోపల ముగ్గురు. ముందు ఎడమ సీటు మీకోసం ఖాళీగా ఉంచారు.

మీ కారు తీస్తే మీ పాటలు, మీ ఏసీ, మీ ఇష్టం. ఆ కారెక్కితే సాయంత్రం మీటింగ్ సాగినా, తలనొప్పి వచ్చినా ముగ్గురికి చెప్పుకోవాలి. తాళాలు వేళ్ల మధ్య తిప్పుతున్నారు. అటు కిటికీ అద్దం దిగుతుంది.

"వస్తున్నరా? ఏడూ ముప్పై అయిదుకి కదలాలె."

ఈ బండికి మొదటి నియమం: అయిదు నిమిషాలకు మించి ఎవరి కోసమూ ఆగరు. తాళాలు బ్యాగులో పడేసి ఎక్కండి. బెల్టు పెట్టుకోండి. వెనక ఇద్దరూ అప్పటికే పెట్టుకున్నారు. వెనక సీటు బెల్టు కూడా చట్టప్రకారం తప్పనిసరే అని ఇక్కడ ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు.

స్టీరింగ్ ముందు అన్న. పక్క కాలనీ. కంప్యూటర్ నెట్‌వర్క్‌ల పని. అందరూ అన్న అనే పిలుస్తారు. వెనక పెద్దసారు, ఆడిట్ ఉద్యోగం, రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డారు. ఆయన పక్కన మేడం, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. నలుగురివీ నాలుగు కంపెనీలు. కలిపింది ఒకే దారి, ఒకే వేళ. అంతే.

వీళ్లు మెట్రో ఎందుకు ఎక్కరని మీకు అనిపించొచ్చు. ఎక్కి చూశారు. సాగర్ రోడ్డు మీద ఎల్బీనగర్ దాకా బండి, అక్కణ్నించి అమీర్‌పేట, అక్కడ రైలు మారి రాయదుర్గం, అక్కడ దిగాక ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి మళ్లీ ఆటో. తిరుగు ప్రయాణంలో రాత్రి తొమ్మిదికి ఇదంతా తలకిందులుగా. అందుకే బొంగ్లూర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కుతున్నారు.

టోల్ గేటు దగ్గర కర్ర లేస్తుంది. రోడ్డు ఒక్కసారిగా వెడల్పవుతుంది. మీ చేతిలో స్టీరింగ్ లేదు, కాలి కింద బ్రేకు లేదు. రోజూ వచ్చే దారే అయినా పక్కకి చూసే వీలు ఇవాళే దొరికింది. చూడండి. పక్క లేన్‌లో తెల్ల కారు, లోపల ఒక్కరు. దాని ముందు ఎర్ర కారు, ఒక్కరు. దాని ముందు ఏడుగురు పట్టే పెద్ద బండి. అందులోనూ ఒక్కరే, ఫోను చెవికి ఆనించుకుని.

నానక్‌రాంగూడ ఎగ్జిట్ దగ్గర అందరూ ఒకే మూతి దగ్గరికి వచ్చి ఆగుతారు. మీరూ ఆగుతారు. చిన్న కారైనా దాదాపు నాలుగు మీటర్ల పొడవుంటుంది, ముందూ వెనకా జాగా కలిపితే అయిదు మీటర్లు దాటుతుంది. మీ నలుగురూ నాలుగు కార్లు తీసి ఉంటే ఈ వరసలో ఇరవై మీటర్ల పైన మీరే నింపేవారు. మీ వెనక నిలబడ్డ ఆంబులెన్స్ ఏదైనా ఉంటే దానికి అడ్డం కూడా మీరే.

"ఇంతమంది ఒక్కొక్కళ్లే ఎందుకొస్తరో," అంటుంది మేడం. ఎవరూ జవాబు చెప్పరు. నెలక్రితం ఆమె కూడా ఒక్కతే వచ్చేది.

సారు డైరీ తీస్తారు. లెక్క రాయకపోతే ఆయనకి నిద్ర పట్టదు. మీ భుజం మీదుగా ముందుకి చాపి చూపిస్తారు. రానూపోనూ వంద కిలోమీటర్లు. ఈ ట్రాఫిక్‌లో లీటరుకి పదిహేను వచ్చిందనుకున్నా ఏడు లీటర్ల దాకా పోస్తాం. లీటరు వంద దాటింది. రోజుకి ఏడు వందల పైన. 22 పనిదినాలకు 15 వేలు దాటుతుంది, టోల్ వేరే. నాలుగు వారాల్లో ఒక్క వారం మాత్రమే మీ బండి తీస్తే నాలుగు వేల లోపు. మిగిలిన పదకొండు వేలు మీ ఇంట్లోనే ఉంటాయి.

ఆ కింద ఇంకో గీత. లీటరు పెట్రోలు కాలితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది. సెల్లార్లలో ఆగిపోయిన మూడు కార్లు కలిపి రోజుకి 48 కిలోలు. ఇంచుమించు ఒక సిమెంటు బస్తా. రోజూ ఒకటి.

"మరి నేను మీకెంత ఇవ్వాలి?" అని అడుగుతారు మీరు. అందరూ ఒకేసారి తల అడ్డంగా ఊపుతారు.

"పైసలు వద్దు," అంటారు సారు. "మీ వంతు వచ్చినప్పుడు మీ బండి తియ్యండి." మొహమాటంతో అన్న మాట కాదిది. తెల్ల నంబరు ప్లేటు బండిని కిరాయికి తిప్పకూడదు, దానికి పసుపు ప్లేటు, పర్మిట్ ఉండాలి. కిరాయి తీసుకుంటున్నప్పుడు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ చెల్లించనని చెప్పొచ్చు. వంతులేసుకుంటే ఆ పేచీ లేదు. ఈ వారం అన్నది, వచ్చే వారం మీది.

అన్న ఆవులిస్తాడు. మీరు పట్టించుకోరు. ఉదయం ఎవరు ఆవులించరు?

*

రాత్రి ఎనిమిదీ నలభై. ఆఫీసు గేటు ముందు సన్నగా తుంపర. కారొస్తుంది, ఎక్కుతారు, మళ్లీ ముందు సీటే. మేడం ఇంటికి ఫోను చేసి చెబుతోంది: "ముగ్గురున్నరు, భయం లేదు, మీరు తినేయండి." ఇంతకుముందు ఇదే వేళ ఒంటరిగా బయల్దేరినప్పుడు ఇల్లు చేరేదాకా వాళ్లమ్మ ఫోను పెట్టేసేది కాదట.

ఔటర్ ఎక్కడానికే ముప్పావుగంట పడుతుంది. క్లచ్, బ్రేకు, క్లచ్, బ్రేకు. అన్న ఎడమ మోకాలు నొక్కుకుంటున్నాడు. సారు వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. మేడం తల కిటికీకి ఆనింది. మీకూ నిద్ర ముంచుకొస్తోంది. పడుకోకండి. ముందు సీటులో కూర్చున్నవాళ్లు నిద్రపోకూడదు, ఫోనులో తల పెట్టకూడదు. ఈ బండికి రెండో నియమం ఇదే.

రాజేంద్రనగర్ దాటారు. శంషాబాద్ దగ్గర ఒక విమానం తల మీదుగా దిగిపోతుంది. అక్కణ్నించి రోడ్డు ఖాళీ. స్పీడు 100. దీపస్తంభాలు ఒకే దూరంలో ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. వైపర్లు అటూ ఇటూ. సిగ్నల్ లేదు. అడ్డమొచ్చే ఆటో లేదు. బైకు లేదు, టూవీలర్లను ఔటర్ మీదికి రానివ్వరు. ముప్పావుగంట నలిగిన మనిషికి ఇప్పుడు చేయడానికేమీ లేదు. ఇక్కడే కళ్లు మోసం చేస్తాయి.

అన్న మాటలు ఆగిపోయి చాలాసేపయిందని మీకు ఇప్పుడు తెలుస్తుంది.

పక్కకి తిరగండి. ఆయన రెప్పలు చూడండి. పడుతున్నాయి, లేస్తున్నాయి. పడ్డ రెప్ప లేవడానికి ఆలస్యమవుతోంది. స్పీడు 100 నుంచి 85కి జారి మళ్లీ 105కి పోయింది.

అడగాలా?

ఆయన మీకంటే పెద్ద. బండి ఆయనది. మీరు ఎక్కి కూర్చున్నవాళ్లు. నిద్రొస్తోందా అంటే తప్పు పట్టినట్టు ఉంటుందేమో. బహుశా మీకే అలా అనిపిస్తోందేమో. ఇంకో ఇరవై నిమిషాల్లో ఇల్లే కదా. మన దగ్గర ఇలాంటి మాట గొంతుదాకా వచ్చి ఆగిపోతుంది.

ఆపకండి. అడగండి.

"అన్నా, కండ్లు మూతపడుతున్నయా?"

"ఏ... లేదు లేదు. దగ్గరికొచ్చినం." కిటికీ దించుతాడు. చల్లగాలి, చినుకులు. పాట పెడతాడు, గొంతు పెంచుతాడు. మీ గుండె కుదుటపడుతుంది.

పడకూడదు. గాలి, పాట కాసేపే. నిద్ర కరువైన మెదడు తనంతట తానే రెండు మూడు సెకన్లు ఆరిపోతుంది, కళ్లు తెరిచి ఉన్నా సరే. ఆ సంగతి ఆ మనిషికే తెలియదు. అందుకే అన్న లేదంటున్నాడు. అబద్ధం కాదు, ఆయనకి నిజంగా తెలియడం లేదు.

పెద్ద గోల్కొండ దాటారు.

తెల్ల గీత టైరు కిందికి వచ్చింది. కారు ఎడమకి జారుతోంది. మెల్లగా. ఆ లేన్ లారీలది.

ముందు ఏదో నల్లగా ఉంది.

లారీ. కదలడం లేదు. వెనక లైటు లేదు.

అన్న వైపు చూస్తారు. కళ్లు మూసి ఉన్నాయి.

వంద స్పీడులో సెకనుకి 28 మీటర్లు.

మీ చేయి స్టీరింగ్ మీదికి పోతుంది. వద్దు. తడి రోడ్డు. ఒక్క గుంజు గుంజితే కారు పల్టీ కొడుతుంది.

భుజం పట్టుకోండి. అరవండి.

"అన్నా!"

వెనక నుంచి మేడం. "అన్నా, లారీ!"

కళ్లు తెరుస్తాడు. బ్రేకు. కుడికి. వెనక హారన్. బెల్టు ఛాతీని నొక్కేస్తుంది. ఎడమ అద్దం పక్క నుంచి లారీ చెక్కలు పోతాయి. ఒక్కో చెక్క కనిపిస్తుంది.

పోయింది.

ఎవరూ మాట్లాడరు. పాట మోగుతూనే ఉంది. మేడం ముందుకి వంగి దాన్ని ఆపేస్తుంది.

ఇప్పుడు ఆగాలి. ఇక్కడ కాదు. ఇక్కడ ఆగితే మీరూ ఆ లారీ లాంటి వాళ్లే అవుతారు. నాలుగు ఇండికేటర్లూ వేసి, ఎడమ లేన్‌లో నెమ్మదిగా, అన్నతో గట్టిగా మాట్లాడిస్తూనే ఉండండి. ఏం తిన్నావు, పాప ఏ క్లాసు, ఏదో ఒకటి. తుక్కుగూడ ఎగ్జిట్. టోల్ గేటు. సర్వీసు రోడ్డు మీద చాయ్ కొట్టు వెలుగు. కారు ఆగుతుంది.

అన్న దిగి రెండు చేతులతో మొహం రుద్దుకుంటాడు. చేతులు వణుకుతున్నాయి.

"రాత్రి పాపకి జ్వరం. తెల్లందాక కూసున్న. పొద్దున చెప్తే మీ అందరి డ్యూటీ ఆగుతదని..."

"చెప్పుంటే నా బండి తీసేవాణ్ని కదయ్యా," అంటారు సారు. కోపంగా కాదు. ఆయన గొంతులోనూ వణుకుంది.

అన్న పొద్దున్నే చెప్పాల్సింది, మీరు ఆయన మొదటి ఆవులింతకే అడగాల్సింది. అయినా ఇదే రాత్రి ఆయన ఒక్కడే తన కారులో వచ్చి ఉంటే? ఆ కారులో అన్నా అని అరిచే గొంతు ఉండేది కాదు. పొద్దున మీరు పక్క లేన్‌లో చూసిన కార్లన్నీ గుర్తు చేసుకోండి. వాళ్లలో రాత్రి నిద్రలేనివాళ్లు ఎంతమందో.

"ఒక చాయ్ తాగి పోదాం, ఇప్పుడు నిద్ర లేదు," అంటాడు అన్న. మీరేమంటారు? ఇల్లు దగ్గరే. భయానికి నిద్ర ఎగిరిపోయినట్టే ఉంది. ఒప్పుకోకండి. భయం కాసేపట్లో దిగిపోతుంది, చాయ్ ఒంటికి పట్టడానికి అరగంట దాకా పడుతుంది. మధ్యలో నిద్ర మళ్లీ వస్తుంది.

మేడం చేయి చాపుతుంది. "తాళాలు ఇటియ్యన్నా."

అన్న ఒక్క క్షణం ఆగుతాడు. ఇంకొకరి చేతికి బండి ఇవ్వడం తేలిక కాదు. ఇన్సూరెన్స్ మాటేమిటని మీకు అనుమానం. లైసెన్స్ ఉన్నవాళ్లు యజమాని ఒప్పుకోలుతో నడిపితే మామూలుగా పాలసీ వర్తిస్తుంది. ఆమె లైసెన్స్ పర్సులోనే ఉంది. నలుగురికీ లైసెన్సుంది. ఒంటరిగా నడిపే మనిషికి ఈ రాత్రి రెండే దారులు: నిద్రతో పోవడం, రోడ్డు పక్కన పడుకోవడం. మీకు మూడోది ఉంది.

తాళాలు చేతులు మారతాయి.

అన్న వెనక సీటులో కూర్చుని రావిర్యాల రాకముందే గురక పెడతాడు. మేడం 80 దాటదు. మీరు ముందు సీటులోనే ఉన్నారు. ఈసారి ఆమె రెప్పలు చూస్తున్నారు, అడగడానికి మొహమాటపడటం లేదు. ఆమే ముందు అంటుంది: "నేను బాగనే ఉన్న. మాట్లాడుతుండండి."

బొంగ్లూర్ దిగి, అన్నని వాళ్ల గేటు దాకా దింపి, మీరు ఇల్లు చేరి చెప్పులు విప్పేసరికి ఫోను మోగుతుంది. గ్రూపులో సారు పెట్టిన మెసేజ్.

"మూడో రూల్. రాత్రి నిద్ర లేనివాళ్లు పొద్దున ఆరింటిలోగా చెప్పాలి. కారణం చెప్పక్కర్లేదు. రేపు నా బండి."

కింద మేడం, "ఓకే సార్." ఆ కింద మీ పేరుతో ఇంకోటి, సారు నుంచే.

"సోమవారం నుంచి మీ వంతు. ఆదివారం టైర్లలో గాలి పట్టించండి, స్టెప్నీలో కూడా."